లైన్ క్లియర్ అంటే ఏమిటి

పోయిన ఆదివారం మా మేనకోడలు రాంచీ నుంచి వచ్చి, తాను పనిచేసే కంపెనీలో తయారవుతున్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఫోనులో చూపించింది. అది కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆ పనికి సంబంధించిన మాట ఒకటి చూపి, దాని అర్థం సొంత భాషలో చెప్పమంటుంది. వాళ్లు చెప్పింది విని, నిజంగా తెలిసిన మాటలేవో, తెలుసనుకుంటున్న మాటలేవో వేరు చేసి, రెండో రకం మాటల కింద పసుపు గీత గీస్తుంది. రైల్వే మాటలు సరిగా ఉన్నాయో లేదో నేను చూసిపెట్టాలట. మొదట వచ్చిన మాట లైన్ క్లియర్. ఫోను పక్కన పెట్టి, చాలాసేపు వాళ్ల నాన్న గురించి మాట్లాడాను.

వాళ్ల నాన్న మా అక్క భర్త. మా బావ పోయి ఎనిమిది నెలలైంది.

నేను శ్రీకాకుళం నుంచి వచ్చి, టాటానగర్ పక్కనే ఉన్న బాగ్‌బేరాలో వాళ్ల క్వార్టరులో దిగి, ఆయన మేటుగా, అంటే మేస్త్రీగా ఉన్న గ్యాంగులోనే పట్టాల పనికి కుదిరినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మెట్రిక్ చదివాననీ, గ్యాంగు మొత్తంలో ఇంగ్లీషు తెలిసింది నాకేననీ లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. చేరిన రెండో వారంలో, టాటానగర్ దాటాక ఒక చిన్న స్టేషను దగ్గర, బావ అవతలి కొసన పని చూస్తుండగా, స్టేషను పోర్టరు లైన్ క్లియర్ హో గయా అని కేకేశాడు. మా ఊళ్లో ఏ పనికైనా అడ్డు లేదనడానికి లైన్ క్లియర్ అనేవాళ్లం కనుక, లైను ఖాళీగా ఉందనుకుని, జాకీ తీసుకెళ్లి తల వంచుకుని పట్టా కింద బిగించడం మొదలుపెట్టాను. రైల్వేలో ఆ మాటకు అర్థం, బండిని రానివ్వడానికి తరవాతి స్టేషను ఒప్పుకుందని. అంటే బండి వస్తోందని. బావ పరుగున వచ్చి జాకీ తన్నేసి, నా కాలరు పట్టి కంకర మీదికి ఈడ్చేశాడు. ఇనుపరాయి గూడ్సు చివరి పెట్టె దాటేదాకా ఆయన కాలరు వదల్లేదు.

తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మర్నాడు పొద్దున్న గునపాలు పంచే ముందు అందరినీ కూర్చోబెట్టి, "ఒరే బామ్మర్దీ, లైన్ క్లియరంటే ఏటో మీ అక్కకి సెప్పినట్టు సెప్పు" అన్నాడు. నేను చెప్పాక, ఒక్కొక్కరికీ ఒక్కో మాటతో, మిగిలినవాళ్ల వంతు వచ్చింది. అందరికంటే పెద్దాయన, కాషన్ ఆర్డరంటే ఆఫీసరు వత్తన్నాడు బీడీ ఆర్పీమని అనగానే గ్యాంగంతా పడి నవ్వింది; బావ కూడా నవ్వి, పని జరిగే చోట బండి నెమ్మదిగా నడపాలని డ్రైవరుకిచ్చే కాగితమని ఆయన నోటితోనే చెప్పించేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు.

బావ చదివింది నాలుగో తరగతి. రిటైరయ్యేదాకా ఆయన పద్ధతి అదే. "అర్దమయిందా అని అడక్కూడదురా, ఎవడైనా అయిందనే అంతాడు. మాటకి ఆ మాటే తిరిగి సెప్పేడంటే ఆడికి తెల్దన్నమాటే" అనేవాడు.

ఆయన్ను ఆసుపత్రిలో చేర్చేనాటికి అక్క లేదు. డాక్టరుతో మాట్లాడవలసింది నేనే. స్టేబుల్‌గా ఉన్నారు అన్నాడు డాక్టరు. తగ్గుతోందనుకుని తలూపాను. ఉన్నట్టే ఉన్నాడని తప్ప ఆ మాటకు వేరే అర్థం లేదని, ఆ ఉన్న స్థితే బాగా లేదని తరవాత తెలిసింది. మేనకోడలికి ఫోను చేసి, స్టేబుల్ అట, కంగారు పడకు, రేపు నిదానంగా రా అన్నాను. ఆమె వచ్చేసరికి ఆయన లేడు.

మాటకు ఆ మాటే తిరిగి చెప్పాను. ఎనిమిది నెలలుగా ఆమెతో అనలేకపోయిన ఈ సంగతి ఆదివారం నాడు చెప్పేశాను. నా వల్లే నువ్వు మీ నాన్నను కడసారి చూసుకోలేకపోయావని కూడా అన్నాను. ఆమె ఫోను బోర్లా పెట్టి, "హమ్ భీ తో నహీ పూఛే, మావయ్యా" అంది. తానూ అడగలేదని. అంత చదివిన పిల్ల కూడా ఆ మాట విని, తగ్గిపోతోందనుకుని, ఆ సాయంత్రం బండి మానేసి పడుకుందట.

ఈనాటి పిల్లలు తమకు తెలియనిది యంత్రానికి సిగ్గుపడకుండా చెప్పుకోగలుగుతారు. అది మంచిదే, మాకు ఆ వీలు ఉండేది కాదు, పదిమంది ముందు నవ్వులపాలై నేర్చుకున్నాం. అయితే మమ్మల్ని అడిగినవాడు జవాబు వచ్చేదాకా మా ఎదురుగా కూర్చునేవాడు. మా ఇంట్లో ఎవరు ఏ కొత్త మాట తెచ్చినా, "అంటే ఏటి" అని అడగడం బావ పనిగానే ఉండిపోయింది. మాలో ఇంకెవరికీ అది అలవాటు కాలేదు.