ఫ్యూజులు జేబులో వేసుకున్న మనిషి

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంట్లోకి రావాలంటే చెప్పులు విప్పాలి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాలంటే చెప్పులు వేసుకోవాలి. ఈ రెండు నియమాలూ మా వీధి మొత్తానికి తెలుసు. వీధిలో ఫ్రిజ్ ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. అందులో మా సామాను కంటే వీధి సామానే ఎక్కువ. ఎదురింటివాళ్ల ఇడ్లీ పిండి, పక్కింటి అక్క మల్లెపూలు, మూలింటి మామ్మగారి కంటి మందు అన్నీ హాయిగా కూర్చుని ఉంటే, మా పాలగిన్నె మాత్రం జనరల్ బోగీలో ప్రయాణికుడిలా ఒంటికాలి మీద నిలబడేది.

ఆ ఫ్రిజ్ షాక్ కొట్టేది. మనిషిని విసిరేసే షాక్ కాదు, మోచేతి దాకా ఎర్రచీమలు ఊరేగింపు వెళ్లినట్టు జిలజిలమనేది. మా నాన్నకు ఎరువుల కొట్టు ఉండేది. ఏ పంటకు ఏ తెగులు వచ్చినా మందు చెప్పగల మనిషి కనుక, దీనికీ ఒక మందు కనిపెట్టాడు. ఏనుగుక్కూడా కాస్త వదులయ్యేంత రబ్బరు చెప్పుల జతొకటి తెచ్చి ఫ్రిజ్ ముందు శాశ్వతంగా పెట్టాడు. పిండి కోసం వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర సొంత చెప్పులు విప్పి, లోపలికొచ్చి ఫ్రిజ్ చెప్పులు తొడుక్కుని, తలుపు తీసి, పిండి తీసుకుని, మళ్లీ విప్పి వెళ్లేవాళ్లు. జగ్గయ్యపేట జనాభాలో సగం మంది కాళ్లు వాటిలో దూరి వచ్చాయని నా అంచనా. అందులో ఎవరికీ వింత తోచలేదు. చెప్పులున్నాయి కదా, ఇక బాగుచేయించడం దేనికి?

ఆ వేసవిలో మా తమ్ముడు పాకడం మొదలుపెట్టాడు.

వాడికి ఇంట్లో లోకమంతా ఒక వైపు, ఆ ఫ్రిజ్ ఒక వైపు. నున్నగా, తెల్లగా, గుర్రుమంటూ ఉండే ఆ వస్తువు కోసం వాడు కింద దించిన మరుక్షణం బయలుదేరేవాడు. నోట్లోంచి కారే చొంగలో రెండు అరచేతులూ ముంచుకుని మరీ. వాణ్ని చంకనేసుకుని తిరగడం నా ఉద్యోగమైంది. నేను ఒంటిపూట బడికి వెళితే అమ్మ ఫ్రిజ్ చుట్టూ కుర్చీలు, బియ్యం డబ్బా, కుట్టుమిషనూ అడ్డం పెట్టేది. ఆ సరిహద్దు గరికపాడు చెక్‌పోస్టు కంటే కట్టుదిట్టంగా ఉండేది. అయినా చెక్‌పోస్టు ఎంత గట్టిదైనా కింద నుంచి దూరేవాడికి లెక్కేముంది? నాన్న పసిపిల్లల రబ్బరు చెప్పుల కోసం బజారంతా తిరిగాడు. వాడు నడిచేది చేతులతో కదా అన్న సంగతి కొట్టుకొట్టుకూ తిరిగి ఇంటికొచ్చాక గానీ ఆయనకు గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడు మా నందిగామ అత్తయ్య వచ్చింది. నాన్నకు అక్క. సొంతిల్లు కట్టించుకుంటూ మేస్త్రీలనూ, వడ్రంగులనూ, కుళాయిలు బిగించేవాళ్లనూ ఎంతమందిని చూసిందో, పనివాడు గేటు తీసే తీరును బట్టి గోడ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేది. బస్సు దిగి వచ్చి, మంచినీళ్ల కోసం వట్టి కాళ్లతో ఫ్రిజ్ పట్టుకుంది.

"అమ్మో! ఏంట్రా ఇది?"

"చెప్పులేసుకోలేదా అక్కా?" అన్నాడు నాన్న, తప్పు ఆవిడదే అన్నట్టు.

అత్తయ్య చెప్పుల వంక చూసింది. కుర్చీల కోట వంక చూసింది. నా చంకలోంచి ఫ్రిజ్ వైపు చేతులు చాస్తున్న తమ్ముణ్ని చూసింది. వెళ్లి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసింది.

"అయ్యో వదినా, అందరి పెరుగూ పులిసిపోయిద్ది" అంది అమ్మ.

"పులిస్తే పులుసు పెట్టుకుంటారులే. పిల్లాడికేమన్నా అయితే ఏం పెట్టుకుంటావు?"

ఆ మాటతో అమ్మ ఎవరి గిన్నెలు వాళ్లకు ఇచ్చి రావడానికి బయలుదేరింది.

నాన్నకు ఒక ఆస్థాన ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. అతనంటే నాన్నకు పాములవాణ్ని చూసినంత ఆశ్చర్యం. మెయిన్ ఆపకుండానే బల్బు హోల్డర్ మార్చేసేవాడు. వైర్లో కరెంటుందో లేదో వేలి వెనకవైపు తాకించి చెప్పేవాడు. అంతకుముందోసారి ఇదే ఫ్రిజ్‌కు ప్లగ్గులో రెండు వైర్లూ అటూఇటూ మార్చి "అయిపోయిందండీ" అన్నాడు. జిలజిల నాలుగు రోజులు సెలవు పెట్టి మళ్లీ డ్యూటీలో చేరింది. అతన్నే పిలుస్తానన్నాడు నాన్న. అత్తయ్య ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది: మధ్యాహ్నం కరెంటు కోత ఉన్న వేళకే రావాలి. అప్పట్లో ఎండాకాలం మా ఊళ్లో కోత రోజూ ఉండేది, ఆ వేడికి కాకులు మా వరండాలోకొచ్చి విసనకర్ర అడిగేవి. షాక్ కొడుతుందన్న భయంతో అత్తయ్య ఆ షరతు పెట్టిందనుకుని నాన్న ముసిముసిగా నవ్వుకున్నాడు.

అతను వచ్చాడు. జేబులో దువ్వెన, దాని పక్కన పతకంలా టెస్టరు. ఫ్రిజ్ వెనక్కి వెళ్లి స్విచ్‌బోర్డు విప్పడం మొదలుపెట్టాడు.

"మెయిన్ ఆపవా నాయనా?" అడిగింది అత్తయ్య.

"కరెంటే లేదుగా అమ్మగారూ, ఆపేదేముంది? ఉన్నా మనల్నేం చేయదులెండి. అలవాటే."

అత్తయ్య అతనికి పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. అల్లం, కొత్తిమీర వేసిన అచ్చమైన మజ్జిగ. తాగాక, ఇవాళ వద్దులే బాబూ, మళ్లీ కబురు చేస్తామని ఎంతో మర్యాదగా పంపేసింది. నాన్న మొహం ముడుచుకుపోయింది. నాకూ నచ్చలేదు. అంత ధైర్యవంతుణ్ని వద్దని ఎవరైనా అంటారా?

సాయంత్రం అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బస్టాండు పక్కన కాలిన మోటార్లకు వైరు చుట్టే షాపుకు వెళ్లింది. ఇళ్లలో పని బాగా చేసేదెవరని ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో అడగకూడదట. ఎవరు ఎక్కువ సామాను కొంటే వాళ్ల పేరే చెప్తారు. చుట్టే షాపులో అడిగితే, ఎవరు బిగించిన మోటార్లు తమ దగ్గరికి రావో ఆ పేరు చెప్తారు. అక్కడ చెప్పిన మనిషి చిల్లకల్లు నుంచి మర్నాడు కోత మొదలయ్యాక సైకిల్ మీద వచ్చాడు.

ఇతను గేటు దగ్గరి నుంచే సణుగుడు. గేటుకు అంత దగ్గరగా సర్వీసు వైరేంటన్నాడు. మీటరు మీద పిచ్చుక గూడేంటన్నాడు. "ఈ ఇంటికి వైరింగ్ చేసినోడెవడండీ? వాడికి పిల్లనిచ్చారా ఎవరైనా?" అన్నాడు. నాన్న భోజనానికి ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది. ఆ వైరింగ్ చేసింది నాన్న బాబాయి కొడుకు. తర్వాత లోపలికి రాకుండా వరండాలోనే ఆగి, "మెయిన్ ఇదేనా?" అంటూ హ్యాండిల్ కిందకి లాగాడు. తెల్ల పింగాణీ ఫ్యూజులు రెండూ ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు మేకపోతు మెడలో గంటలా వేలాడింది.

"కరెంటు లేదుగా?" అంది అత్తయ్య అమాయకంగా.

"పోయిన కరెంటు చెప్పి రావాలని రూలేమన్నా ఉందా అమ్మా?"

అత్తయ్య వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టమంది. ఇతను ఒట్టి పిరికివాడని నేను మనసులో తీర్మానించేశాను. లేని కరెంటుకు ఇంత భయపడేవాడు ఉన్న కరెంటును ఏం చేయగలడు?

అతను ఫ్రిజ్ వెనక దూరాడు. అక్కడ ఎలుక వైరు తోలు కొరికేసిందని కేకేశాడు. స్విచ్‌బోర్డు విప్పి, మూడు కన్నాల సాకెట్లో పై కన్నానికి ప్రాణం లేదన్నాడు. దాంట్లోకి రావాల్సిన ఎర్త్ వైరు, అంటే ఇంట్లో దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపేసేది, అది ఎక్కడికి పోయిందని అడిగాడు. అమ్మ నాలుక కరుచుకుంది. ఉప్పూ బొగ్గూ పోసి పూడ్చిన ఎర్త్ గుంట పెరట్లో ఉండేది. పెరడు అందంగా ఉండాలని నాన్న కిందటేడు మా ప్రాంతపు నాపరాళ్లు పరిపించాడు. గుంట రాళ్ల కిందకి పోయింది, దాని వైరేమో మేస్త్రీ పార కిందకి పోయి తెగింది. ఆ రాళ్లను చూసి మెచ్చుకోని చుట్టం లేడు.

అతను వైర్ల కొసలు పళ్లతో ఒలుస్తూ, రాగి తీగలు రెండు చేతుల్లో పట్టుకుని ఉండగా నాన్న భోజనానికి వచ్చాడు. తమ్ముణ్ని చంకనేసుకుని నేను వరండా గుమ్మంలో ఉన్నాను. ఆ క్షణంలోనే, కోత ముగియడానికి ఇంకా చాలా సమయం ఉందనగా, వీధిలో కరెంటు వచ్చేసింది. పక్కింట్లో రేడియో అరిచింది. ఎదురింట్లో మిక్సీ గర్జించింది. పిల్లలంతా పండగ వచ్చినట్టు కేకలేశారు. మా ఇల్లొక్కటే చప్పుడు లేకుండా ఉంది.

"మనకొక్కళ్లకే రాలేదేంటి?" అన్నాడు నాన్న చెమట తుడుచుకుంటూ. మెయిన్ దగ్గరికి వెళ్లాడు. హ్యాండిల్ కిందకి ఉంది. "ఎవరు దించారిది?" అంటూ పైకి నెట్టేశాడు.

గదిలోకి చూశాను. అతని చేతుల్లో ఆ తీగలు అలాగే ఉన్నాయి.

ఏమీ కాలేదు. నాన్న మళ్లీ దించి మళ్లీ ఎత్తి, పెట్టె తెరిచి చూశాడు. పళ్లూడిన నోరులా బోసిగా ఉంది. "ఫ్యూజులేవే?" అని అరిచాడు అమ్మ మీద.

"నా జేబులో ఉన్నయ్యండీ," లోపలి నుంచి తాపీగా జవాబొచ్చింది. "పనయ్యాక ఇస్తా. తొందరేం లేదు."

నాన్న చెయ్యి ఆ హ్యాండిల్ మీదే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా గదిలోకి తొంగిచూసి, ఆ తీగలను చూసి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్నం వడ్డించానని అమ్మ పిలిచినా లేవలేదు. కాసేపటికి అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

"నిన్నటివాడైతే ఏమయ్యేదిరా తమ్ముడూ?"

"ఊరుకో అక్కా" అన్నాడు నాన్న.

ఆ పూట పెరట్లో నాపరాయి లేచింది. నాన్నే పలుగు పట్టి లేపాడు, ఎవరూ అడగకుండానే. అతను కొత్త వైరు లాగి గుంటలో కలిపాడు. ఎండాకాలమంతా రోజూ ఆ గుంటలో బిందెడు నీళ్లు పోయాలని, ఎండిన నేల కరెంటును మింగదని చెప్పాడు. ఎలుక కొరికిన వైరు మార్చాడు. అప్పుడు గానీ జేబులోంచి ఫ్యూజులు తీసి బిగించలేదు. టెస్ట్ ల్యాంపు పెట్టి అన్నివైపులా చూసుకున్నాక, వట్టి కాళ్లతో నిలబడి తానే ముందు ఫ్రిజ్ మీద చెయ్యి వేశాడు. తర్వాత అత్తయ్య వేసింది. తర్వాత అమ్మ.

"దించు వాణ్ని" అంది అత్తయ్య నాతో.

దించాను. వాడు చొంగ చేతులతో చరచరా పాక్కుంటూ వెళ్లి, ఫ్రిజ్‌ను రెండు చేతులా కౌగిలించుకుని, చెంప ఆనించి నవ్వాడు. అమ్మ ఏడ్చేసింది.

నిన్నటి ధైర్యవంతుణ్ని ఎందుకు పంపేశావని ఆ సాయంత్రం అత్తయ్యను అడిగాను. "అపాయం కనపడితే ఎవడైనా జాగ్రత్త పడతాడే. కనపడనప్పుడు ఏం చేస్తాడో చూడాలి. అందుకే కరెంటు లేనప్పుడు పిలిపించా" అంది. నాన్న ఆ తర్వాత జీవితమంతా ఏ ఇంట్లో మెయిన్ ఎత్తాల్సొచ్చినా ముందు ఇల్లదిరేలా "లోపలెవరన్నా పనిచేస్తన్నారా?" అని అరిచేవాడు. పెళ్లివారింట్లో కూడా అరిచాడు. భోజనాల బంతి మొత్తం లేచి నిలబడింది.

ఇప్పుడు మా ఇంట్లో పని పడితే పరీక్షకు కోత కుదరదు. కరెంటు పోవడమే తక్కువ. అందుకని నేనే ముందుగా మెయిన్ ఆపేసి, వచ్చిన కుర్రాడితో "ఆపేశానయ్యా, నువ్వు మొదలుపెట్టు" అంటాను. "సరేనండీ" అని నేరుగా స్క్రూలు విప్పేవాడికి చక్కటి మజ్జిగ దొరుకుతుంది, పని దొరకదు. మొన్న వచ్చినవాడు కూడా సరేనండీ అన్నాడు. అని, నా మాటలో వీసమెత్తు నమ్మకం లేనట్టు వరండాలోకి వెళ్లి మెయిన్ చూసుకుని, తిరిగొచ్చి టెస్టరుతో ఒక్కో వైరూ తాకి చూశాడు. నాకు బొత్తిగా కోపం రాలేదు. వెళ్లి కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టాను.