ఇరవై మూడు గొంతులు

ఐదేండ్ల సంది ఒక బరువు మోస్తున్న. అది నా ఫోన్లనే ఉన్నది. ఇరవై మూడు మంది గొంతులు. ఈ ఐదేండ్లల్ల రెండు ఫోన్లు పాడైనయి. రెండుసార్లూ షాపుకు పోయి ఆ గొంతులన్నీ కొత్త ఫోన్ల వేయించుకున్న. వినలే. తీసెయ్యనూ లే. తప్పు చేసినోడు దాని ఆనవాలు లేకుంట చేసుకుంటడు గదా, మరి నేనెందుకు ఇంత భద్రంగ దాచిన? 

ఒక ముచ్చట ముందుగాలనే చెప్త. నేను ఏడ్చుకుంట రాస్తలేను. నా తీరు గట్ల కాదు. ఒమన్ దేశంల ఇబ్రా అనే ఊర్ల సైట్ మీద ముప్పై మందితోని పని చేయించే ఫోర్మన్ను. గట్టిగ మాట్లాడుడు అలవాటు. అబద్ధం గూడ గట్టిగనే ఆడిన, అందుకే అందరు నమ్మిన్రు. నిజం గూడ గట్లనే చెప్త. పేరు మాత్రం ఇక్కడ రాయను. ఎందుకో, ఇది చదివే నీకే ఆఖరికి ఎరుకైతది.

లింగన్న మా ఊరోడు. నాకంటె తొమ్మిదేండ్లు పెద్ద. నేను ఒమన్‌కు కొత్తగ వచ్చినప్పుడు చెక్క కొట్టుడు, షట్టరింగ్ నిలబెట్టుడు అన్నీ ఆయనే నేర్పిండు. రూమ్ల ఎవలికి జరమొచ్చినా, ఎవలి కాగితం అర్బాబ్, అదే మా యజమాని కాడ ఆగినా లింగన్ననే ఉరికేటోడు. పన్నెండేండ్లు చేసి ఇంటికి పోయిండు. పోయినంక ఒకటే పట్టు పట్టిండు: సర్పంచ్‌కు నిలబడాలె. మా ఊర్లె సగం ఇండ్లల్ల మొగోళ్లు గల్ఫ్‌ల ఉంటరు. ఏదన్న కాగితం పని పడితే ఆడోళ్లే ఆఫీసుల చుట్టూ తిరుగుతరు. ఆ పనుల కోసం పంచాయతీల ఒక మనిషిని కూసుండబెడ్త అన్నడు. మాటకు నిలబడే మనిషి. చేసేటోడే.

అయితే లింగన్న ఉన్న పార్టీలనే మా ఊరి రాజన్న గూడ నిలబడుత అన్నడు. మండలంల ఉన్న పార్టీ పెద్దమనిషి ఇద్దర్ని పిలిచి తెగేసి చెప్పిండు. ఇద్దరు నిలబడితే ఓట్లు చీలుతయి, ముందుగాల ఊరే తేల్చుకోవాలె, ఎవలి ఎనుక ఎక్కువ ఇండ్లుంటే వాళ్లకే పార్టీ, రెండోవాడు తప్పుకోవాలె. మరి గల్ఫోళ్ల ఇండ్ల సంగతేంది? సెలవున్న శుక్రవారం నాడు ఇంటాయన ఫోన్ల ఏం చెప్తే మా ఇండ్లల్ల అదే మాట. అందుకే పెద్దమనిషి ఒక పద్ధతి పెట్టిండు. ఒక్కొక్క దేశానికి ఒక్కడు ఉండాలె. ప్రతి మనిషి తన పేరు, తండ్రి పేరు చెప్పి, మా ఇంటి మాట ఫలానాయనకు అని సొంత గొంతుతోని చెప్పాలె. గ్రూపుల పెడితే లొల్లి అయితది గనుక, అవి ఆ ఒక్కడికే పంపాలె. ఆ ఒక్కడు అన్నీ ఒక్కతాన చేసి పెద్దమనిషికి పంపాలె. ఒమన్‌ల ఆ ఒక్కణ్ణి నేను.

మూడు శుక్రవారాలు తిరిగిన. మవాలే అనేకాడ షాపులల్ల చేసేటోళ్లు నలుగురు ఫోన్లనే పంపిన్రు. ఖబూరా అనే ఊరికి మటుకు పోవాల్సొచ్చింది, ఖర్జూరం తోటల పని చేసే సాయన్నకు వాయిస్ పెట్టుడు రాదు. నేను ఫోన్ ముంగట పట్టుకున్న. ఆయన, ఆగు తమ్మీ అని మోటర్ కాడికి పోయి చేతులు కడుక్కున్నడు. తలకు చుట్టుకున్న తువాల తీసి భుజాన వేసుకున్నడు. నిలబడి చెప్పిండు. పెద్దమనుషుల ముంగట చెప్పినట్టే చెప్పిండు. రూమ్‌కు వచ్చినంక నేను గూడ నిలబడే చెప్పిన. ఇరవై మూడోది నా గొంతు, ఇరవై మూడూ లింగన్నకే. మా ఇంటి మాట లింగన్నకు. అప్పుడు మనసుల ఏ కల్మషం లేదు. ఇది నువ్వు నమ్మాలె.

దాని తెల్లారి ఒక సంగతి తెలిసింది. గెలిచినంక ఒమన్ ముచ్చట్లన్నీ శైలు చూసుకుంటడని లింగన్న ఊర్లె అన్నడట. శైలు మా కంపెనీల డ్రైవర్. అరబీ మంచిగ మాట్లాడుతడు, ఇంగ్లీషు చదువుతడు. నిజానికి ఆ పనికి వాడే సరైనోడు. నాకా రెండూ రావు. ఇది నాకు తెల్వదా? మస్తు తెలుసు. తెలిసే మండింది. మూడు శుక్రవారాలు నేను తిరిగితే, ముంగట కుర్చీ శైలుకా? అంతే. ఇంకేం లేదు. రాజన్న నాకు ఏ ఆశా చూపెట్టలే, నన్నెవలూ ఎగేయలే. కుళ్లు. దానికి ఇంకో పేరు పెట్టను.

పెద్దమనిషికి పంపాల్సిన పొద్దు లింగన్న ఫోన్ చేసిండు.

"మనోళ్ల మాటలు వచ్చినయా తమ్మీ?"

"ఎవ్వలూ ముంగటికొస్తలేరన్నా. ఊర్లె ఇండ్లల్ల లొల్లి అయితదని ఎనుక్కు తగ్గుతున్నరు."

"ఒక్కలు గూడనా?"

"ఒక్కలు గూడ."

"సాయన్న?"

"ఆయన గూడ అన్నా."

 నాకు ఆయన ఊపిరి వినబడుతుండె. అప్పుడన్నా నేను నోరు తెరువొద్దా? తెరువలే. ఆఖరికి, "సరే తియ్. మనోళ్లను తిప్పలు పెట్టకు," అన్నడు. పెద్దమనిషికి గూడ నేనేం పంపలే. ఆ పొద్దుమీకే లింగన్న తప్పుకున్నడు. దుబాయోళ్లు, సౌదోళ్లు ఇద్దరికీ సగం సగం ఉండిరి. ఒమనోళ్లంటే లింగన్నోళ్లే. సొంతోళ్లే లేరన్నంక ఇంక దేని మీద నిలబడుతడు?

ఇక్కడ రూమ్ల అందరు నా మీద పడ్డరు. మేం చెప్పినంక గూడ ఎందుకు తప్పుకున్నడు? పంపినవా లేదా? పంపిన అని చెప్పిన. అన్నీ పంపిన, ఆయనే తప్పుకున్నడు, లోపల ఏం మాట్లాడుకున్నరో నాకేం ఎరుక అన్న. ఆ ఒక్క మాట చాలింది. మిగిలింది వాళ్లే అల్లుకున్నరు. లింగన్న రాజన్నకు అమ్ముడుపోయిండు అన్నరు.

చూసినవా నేను కట్టిన గోడ? లింగన్నేమో నా వాళ్లు నోరు తెరువలే అనుకుంటున్నడు. వాళ్లేమో మేం నోరు తెరిచి చెప్తే మమ్ముల అమ్మేసిండు అనుకుంటున్నరు. ఆయన అడుగడు, అడిగితే చిన్నతనం. వాళ్లు అడుగరు, పెద్దాయన మొకం మీద ఎట్ల అడుగుతరు? మర్యాద వల్లనే ఇన్నేండ్లు నా అబద్ధం బతికింది.

అది అక్కడితోని ఆగలే. ఊర్లె తలెత్తుకోలేక లింగన్న రెండేండ్లకే మళ్ల విసా తీసుకొని వచ్చిండు. ఏ సైట్‌కు అనుకున్నవు? నా సైట్‌కే. నాకు పని నేర్పినాయన ఇప్పుడు నా కింద పని చేస్తున్నడు. నా ఎదురు మంచమే. పొద్దుగాల నాకు చాయ్ ఇచ్చి డ్యూటీకి లేపుతడు. నేను ఆ చాయ్ తాగుత. మూడేండ్ల సంది తాగుతున్న.

ఊర్లె మళ్ల ఎలక్షన్ వస్తున్నది. పోయిన శుక్రవారం అన్నం తినుకుంట అందరు ఆ ముచ్చటే. లింగన్న గిన్నె కడుక్కొస్త అని బయటికి పోయిండు. శైలు అన్నడు, ఈసారి అమ్ముడుపోనోణ్ణి చూసుకుందాం అని. నలుగురు నవ్విన్రు. తలుపు కాడ లింగన్న కడిగిన గిన్నె పట్టుకొని నిలబడ్డడు. విన్నడు. గిన్నె బోర్లించిండు, తువాలతోని చెయ్యి తుడుసుకున్నడు, పోయి మంచం మీద పండుకున్నడు. గోడ దిక్కు తిరిగిండు. ఆయన ఏ శైలు మీద అంత నమ్మకం పెట్టుకున్నడో ఆ శైలే అన్నడు. ఆ శైలును చూసి కుళ్లుకున్నోణ్ణి నేను ఎదురుంగ కూసోని బుక్క మింగుతున్న. నా మీద నాకే అప్పుడు అసహ్యమైంది. ఇది రాయాలనుకున్నది ఆ బుక్క కాడనే.

మాఫీ చెయ్ అని నిన్ను అడుగను. అది నీ చేతుల లేదు. లింగన్నను గూడ అడుగను, ఐదేండ్లు తెచ్చియ్యలేనోడు ఏ మొకంతోని అడుగుతడు? అడిగితే ఆయన సరే తియ్ అంటడు. ఆ మాట మళ్ల విననీకి నాకు ధైర్యం లేదు.

ఇయ్యాల శుక్రవారం. అన్నం తిన్నంక అందరు రూమ్లనే ఉన్నరు. ఇంతదాక రాసి ఫోన్ తీసిన. మా ఊరి ఒమన్ గ్రూపుల గొంతులు పెట్టిన, ఒక్కటొక్కటే, వరుసగ. సాయన్నది ముందుగాల. నాది ఇరవై మూడోది. దాని కింద ఇరవై నాలుగోది ఇప్పుడే బయట గోడ కాడ నిలబడి చెప్పిన. నా పేరు, మా నాయన పేరు, నేను చేసిన పని. అంతే చెప్పిన. రెండు నిమిషాలు గూడ పట్టలే.

ఇప్పుడు లోపలికొచ్చి నా మంచం మీద కూసున్న. రూమ్ల అన్ని ఫోన్లూ మోగుతున్నయి. శైలు లేచి నిలబడ్డడు, మొకం తెల్లబోయింది. లింగన్న ఫోన్ చెవికి పెట్టుకున్నడు. సాయన్న గొంతు నాదాక వినబడుతున్నది, ఎనుక మోటర్ చప్పుడు గూడ. అది అయిపోయింది. ఆయన మళ్ల అదే పెట్టుకున్నడు. ఆనక రెండోది. మూడోది. ఏదీ తొందరపడి ఇడుస్తలేడు, అందరి పేర్లు పూర్తిగ వింటున్నడు. నా పేరు ఆఖర్న ఉన్నది. బయటికి పోను, ఇక్కడనే కూసుంట.