పదిహేడు శాతం తేమ

కైసర్స్‌లౌటర్న్‌ అనే జర్మన్ ఊళ్లో రెండు గదుల ఇంట్లో కూర్చుని, ఆఫ్రికాకు తానే అన్నం పెడుతున్నానని లక్ష్మణరావు మురిసిపోయేవాడు. పూర్తిగా గొప్పలు కావు లెండి. ఉగాండా రైతుల మక్కలను, అంటే మొక్కజొన్నను, కెన్యా మిల్లులకు చేర్చే ఒక సంస్థకు, తన కంపెనీ తరఫున అతనే ప్రోగ్రాము రాశాడు. గోదాములో యంత్రం తేమ కొలుస్తుంది. గింజ ఆరి ఉంటే తెర మీద పచ్చ రంగు, లేకపోతే ఎరుపు. కరువున్న చోటికి పక్కదేశపు పంట చేరాలంటే ముందు ఒకరి గింజను ఒకరు నమ్మాలి కదా. ఆ నమ్మకం కుదర్చడమే అతని పని.

మక్కల్లో తేమ పదమూడున్నర శాతం దాటకూడదు. ఆ నియమాల కాగితం చేతికి రాకముందే, ప్రస్తుతానికి ఉండనీలే అని లక్ష్మణరావు ప్రోగ్రాములో హద్దు పదిహేడు అని వేశాడు. జగిత్యాల దగ్గర వడ్ల కొనుగోలు కేంద్రంలో తండ్రి వెంట తిరిగి పెరిగినవాడు. అక్కడ చంటిపిల్లలకు కూడా తెలిసిన లెక్క అది. వడ్లకు చెల్లుతుంది, మక్కలకు చెల్లదు. కాగితం వచ్చాక మార్చడం మరిచిపోయాడు. మామూలు రోజులైతే కంపెనీ నుంచి ఎవరో ఒకరు వెళ్లి గోదాములో సరిచూసేవారు. అది కరోనా వచ్చిన మొదటి ఏడాది, ఎవరి ఇంట్లో వాళ్లే బందీలు.

ఆగస్టులో గోదాము చూసుకునే అపియో వీడియోలో అడిగింది.

"బ్రదర్, బస్తాలో చెయ్యి పెడితే చెమ్మ తగులుతోంది. తెర మాత్రం పచ్చగా ఉంది. తీసుకోమంటారా?"

"పచ్చగా ఉంటే తీసుకోండి," అన్నాడు చాయ్ తాగుతూ. ఒక్కసారి ఆ అంకె తెరిచి చూస్తే అరిగిపోయేవాడా?

సరిహద్దులో డ్రైవర్లకు కరోనా పరీక్షలు. లారీలు పన్నెండు రోజులు కదల్లేదు. మిల్లువాళ్లు బస్తాలు విప్పేసరికి అంతా బూజు. మూడు లారీల మక్కలు గోతిలో పూడ్చారు. ఆ పిండి కోసం కాచుకున్న బస్తీలు ఒంటిపూటతో సరిపెట్టుకున్నాయి. కబురు వినగానే లక్ష్మణరావు ప్రోగ్రాము తెరిచి చూశాడు. పదిహేడు అలాగే ఉంది. ఎవరికీ చెప్పకుండా దిద్దేశాడు. దాన్ని దొంగపని అనక ఇంకేమంటారు?

తడిగింజ తీసుకున్నందుకు అపియో మీద విచారణ మొదలైంది. నిజం చెబితే ఆమె బయటపడుతుంది. తన ఉద్యోగం పోతే? దాంతో ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డూ పోతే?

"ఆఫీసుల చెప్పినవా?" అన్నం వడ్డిస్తూ అడిగింది, సంగతి అతని నోటే విన్న భార్య సుభద్ర.

"వచ్చే నెల పీఆర్ టెర్మిన్ ఉన్నది, ఈడ్నే ఉండిపోయే కాయితానికి పిలిచిండ్రు. గదొక్కటి కానియ్యి, చెప్త."

"గప్పటిదాంక ఆమె నౌకరి ఉంటదా?"

అతను చెయ్యి కడుక్కుని లేచాడు. పెళ్లాం నిలదీస్తే మగవాళ్లకు ఆకలి చచ్చిపోతుంది. సిగ్గు మాత్రం చావదు. ఎవరు ఎవరి మీద తప్పు మోపినా అతని చెయ్యి భుజాలు తడుముకోవడానికి లేచేది.

పీఆర్ వచ్చింది. మర్నాడే పై అధికారి ఫ్రావ్ కెస్లర్‌కు అంతా చెప్పేశాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు, అరవలేదు.

"హెర్ రావు, తప్పులు అందరూ చేస్తారు. ఇలాంటివాటికి మనం ఎవర్నీ తీసెయ్యం. అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఆ అమ్మాయిని ఆ సంస్థవాళ్లు పోయిన నెలే తీసేశారు, ఇంకొకరిని పెట్టుకున్నారు. నేను ఇవాళే రాస్తాను, కానీ వాళ్లు మళ్లీ తీసుకుంటారని మాటివ్వలేను."

ఏ ఉద్యోగాన్ని కాపాడుకోవడానికి తొమ్మిది వారాలు నోరు కుట్టేసుకున్నాడో, దానికి అసలు గండమే లేదు.

ఆ సాయంత్రం అపియోకు ఫోన్ చేశాడు. అక్క చేలో కలుపు తీసి వచ్చానంది. అతను పదిహేడు గురించి చెప్పాడు, దొంగచాటుగా దిద్దిన సంగతీ చెప్పాడు, ఇన్నాళ్లూ ఎందుకు దాచాడో కూడా చెప్పాడు.

"ఇప్పుడు ఒప్పుకున్నందుకు మీ ఉద్యోగానికి ఏమీ కాలేదు కదా, బ్రదర్?" అని అడిగింది అపియో.

"కాలేదు," అన్నాడు లక్ష్మణరావు.