పోయినోళ్ల చరణం

వనపర్తిలో నేను అద్దెకుండే గది వెనుక సందులో నిన్న పొద్దున భజన తాళాలు మోగాయి. ఎవరో పోయారు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించకుండానే కిటికీ దగ్గర నిలబడిపోయాను. హార్మోనియం మీదికి ఎవరిదో గొంతు లేస్తుంటే, చెమటా విభూతీ కలిసిన నాయన కండువా వాసన ఎక్కడి నుంచో వచ్చి తగిలింది.

మా ఊరు వీపనగండ్ల దగ్గర. నాయన వేరుశనగ పండించే రైతు, ఊరి భజన బృందానికి పెద్ద. మా వైపు ఎవరైనా పోతే శవాన్ని ఎత్తే ముందు బృందం తత్వాలు పాడుతుంది. అవి అందరికీ ఒకటే: దేహం మట్టికుండ, ప్రాణం పక్షి. నాయన మాత్రం చివర ఒక చరణం అక్కడికక్కడే కట్టేవాడు. అది పోయిన మనిషిదే, మరెవరికీ పనికిరాదు. దాని కోసం ముందుగా ఇంటివాళ్ల పక్కన కూర్చుని అడిగేవాడు. వాళ్లు "దేవుని అసుంటి మనిషి" అని మొదలుపెడితే ఆపేసేవాడు. "గది అందరికీ చెప్తరు. పొద్దుగాల లేచి ఏం చేసెటిది? ఎవలను తిట్టెటిది? గది చెప్పుండ్రి."

మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. నోరు విప్పితే తిట్లే. ఆమె పోయిన రోజు నేను అమ్మ వెనక నిలబడి చూస్తున్నాను. నాయన అందుకున్నాడు:

"కోళ్లను తిట్టిన నోరే, కోడండ్లను తిట్టిన నోరే
కూలోళ్లను కేకేసి సద్ది తినిపొమ్మన్న నోరే"

పెద్దకోడలు ఫక్కున నవ్వింది. "అవ్ మామా, గంతే. గట్లనే ఉండె మా అత్త" అంటూనే బోరుమంది. అప్పటిదాకా ఆమె కంట చుక్క రాలేదు.

నలుగురిలో నోరు పెగలని నేను నాయనను మాత్రం ఏదైనా అడగగలిగేదాన్ని. ఇంటికి వస్తూ అడిగాను.

"నాయనా, చచ్చినంక ఏమైతది?"

"నాకేం తెల్వదు బిడ్డా. పోయినోళ్లు ఒక్కలన్న మల్లొచ్చి చెప్పిండ్రా?"

"మరి పక్షి ఎగిరిపాయె అని పాడుతవ్ గద?"

"పెద్దలు కట్టిండ్రు, పాడుత. ఎగిరిందో, యాడ వాలిందో నేను చూడలే. గీ ముసల్ది సద్ది పెట్టింది మాత్రం చూసిన. నేను గూడ తిన్న." కొంచెం దూరం నడిచి, "తిట్లు గూడ తిన్న" అని నవ్వాడు.

ఆ రాత్రి డైరీలో ఆ మాటలే రాసుకున్నాను. ఎందుకు పుడతాం, ఎక్కడికి పోతాం అని అడిగే పుస్తకాలు తర్వాత చాలా చదివాను. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. అర్థం కానప్పుడు భయపడలేదు. "నేను చూడలే" అనడానికి నాయన ఎప్పుడూ సిగ్గుపడలేదు కదా.

పోయిన ఎండాకాలం గుండెపోటుతో నాయన పోయాడు. వాకిట్లో బృందం తత్వాలన్నీ పాడింది. చివరి చరణం దగ్గరికొచ్చి ఆగిపోయింది. తాళాలు వాయించే బాలయ్య మామ వాటిని కింద పెట్టేశాడు.

"కట్టెటోడే పాయె, ఇగ ఎవలు కడ్తరు? లేపుండ్రి, ఎండైతుంది" అన్నారెవరో.

ఊరందరికీ దక్కిన చరణం లేకుండా మా నాయన వెళ్లిపోతున్నాడు. నేనేమో బడిలో హాజరు పలకడానికే వణికినదాన్ని. పైగా అక్కడ ఆడవాళ్లు పాడగా ఎన్నడూ చూడలేదు. ఆయన ఇంటింటా అడిగిన ప్రశ్నే నన్ను నేను అడిగాను: ఏం చేసేవాడు, ఎవరిని తిట్టేవాడు? పాడె ముందు పాడుతూ నడిచేవాడు. అడుగడుక్కీ వెనక్కి తిరిగి, తాళం తప్పినప్పుడల్లా బాలయ్య మామ మీద గుడ్లురిమేవాడు. అది కళ్లకు కట్టగానే నోరు దానంతటదే తెరుచుకుంది:

"ముందర నడుసుకుంట ఎనుకకు తిరిగి చూసెటోడా
ఇయ్యాల ఎనుకనే ఉంటివి, తాళం సరిగున్నదా నాయనా"

గొంతు సన్నగా వచ్చింది. రెండోసారి పాడలేకపోయాను. బాలయ్య మామ తాళాలు అందుకుని, "తిట్టు బావా, ఒక్కపారి తిట్టు" అని ఏడుస్తూ వాయించాడు. బృందమంతా ఆ చరణాన్ని ఎత్తుకుంది. కాటిదాకా అదే పాడారు.

నాయన ఎక్కడ వాలాడో నాకు తెలియదు. ఆయన నుంచి నాకు దక్కింది మనుషులను చూసే చూపు. పోయాక వెతకడమెందుకని, ఉన్నవాళ్లలోనే వాళ్ల చరణం వెతుక్కుంటున్నాను. ఊరి నుంచి ఫోన్ చేసే అమ్మ "ఇగ పెట్టెయ్ బిడ్డా, పైసలైతయి" అంటుంది. అని, తనే పక్కింటి బర్రె ఈనిన ముచ్చట మొదలుపెడుతుంది. నేను ఫోన్ పెట్టెయ్యను. దూడ లేచి నిలబడేదాకా వింటాను.