ఖాళీ ఫారం మీద సంతకం

మొదట జల్లెడ చప్పుడు. నాలుగింటికి కాలేజీ బస్సులు వెళ్లిపోయాక, కింది అంతస్తు వరండా చివరి నుంచి వచ్చేది. ఇత్తడి జల్లెడలను ఒకదానిమీద ఒకటి పేర్చి ఎవరో చేత్తో ఊపుతున్న చప్పుడు, ఓపికగా వానను చెరుగుతున్నట్టు. కాసేపు ఆగేది. మట్టిని తూచే నిశ్శబ్దం. మళ్లీ మొదలయ్యేది.

ఆ చలికాలమంతా మట్టి పరీక్షల ల్యాబులో ఆ పని చేసింది నీల. సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రికార్డులో రాయాల్సిన ప్రయోగం కాదు అది. ఆ మట్టి కూడా ల్యాబుది కాదు. ముస్తాబాద్ పక్కన తన ఊరి చెరువు కట్ట అడుగు నుంచి టిఫిన్ డబ్బాలో తెచ్చుకున్నది.

కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ ఉన్న ఆ కాలేజీలో సివిల్ బ్రాంచికి మిగిలింది పద్నాలుగు మందే. తక్కినవాళ్లంతా కంప్యూటర్ల వైపు వెళ్లారు. నీలకు సీటు వచ్చిననాడు నాయనమ్మ సమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇటుకలు మోసుడు మనింట్ల ఎవలకు రాదనే? దానికి గూడ సదువుడేనా?"

తండ్రి దుర్గయ్య నవ్వలేదు. ఆయన ఊరికి నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూడడం ఆయన పని. అంతకుముందు ఆయన తండ్రిది, తాతది. గుంటెడు భూమి లేని ఆ ఇల్లు మూడు తరాలుగా ఊరికి నీళ్లు పంచుతోంది.

మొదటి ఏడాదే నీల తన నాలుగేళ్ల చదువును ఒక పాత క్యాలెండర్ వెనక గీసుకుంది. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు, దేని తర్వాత ఏది. లెక్కల నుంచి ఒక బాణం, మట్టి నుంచి ఒకటి, నీటి నుంచి ఒకటి. అన్నీ వాగుల్లా వంకర్లు తిరిగి ఒక్క గడిలో కలిసేవి. మూడో సంవత్సరం, రెండో సెమిస్టర్, ఎలెక్టివ్, మట్టి కట్టలు. కట్ట కడుపులో నీరు ఎలా నడుస్తుందో, ఎంత నడిస్తే కట్ట తెగుతుందో చెప్పే సబ్జెక్టు అదొక్కటే.

ఎలెక్టివ్ అంటే ఎవరికి నచ్చింది వాళ్లు చదువుకోవడమని సిలబస్ పుస్తకం చెబుతుంది. ఆ కాలేజీలో మాత్రం ఎక్కువమంది ఏది రాస్తే అదొక్కటే నడుస్తుంది. మట్టి కట్టలకు పోటీ ట్రాఫిక్. దానికి ప్రశ్నల బ్యాంకు దొరుకుతుంది, పైగా క్లాసులో సగంమంది నాన్నలు గల్ఫ్‌లో ఉన్నారు. రోడ్ల చదువు అక్కడ పనికొస్తుందని వాళ్ల నమ్మకం.

నీల ఏడాదిపాటు ఒక్కొక్కరినీ పోగు చేసుకుంది. ఒకరికి లెక్కలు చెప్పింది, ఇంకొకరికి డ్రాయింగు షీట్లు గీసింది.

"నీ మట్టి గోలేందే? కలలకు గూడ కట్టలే వస్తున్నయా?" అని హాస్టల్లో లత ఎగతాళి చేసింది. "సరే తియ్యి, నీ దాంట్లనే పెడ్త. గీ షీటు మాత్రం నువ్వే గియ్యాలె మరి."

తనతో కలిపి ఎనిమిది మంది అయ్యారు.

నవంబర్‌లో ఎలెక్టివ్ ఫారాలు వచ్చిన రోజు మధ్యాహ్నం ఇంటి నుంచి ఫోన్. కట్ట అడుగున తడి ఊరుతోందని, ఒకసారి వచ్చి చూడమని తండ్రి అడిగాడు. కోరుట్ల నుంచి సిరిసిల్ల బస్సుకు అరగంటే ఉంది.

ఆ క్లాసుకు ఒక పద్ధతి ఉంది. పరీక్ష ఫీజు ఫారమైనా, బస్ పాస్ ఫారమైనా అందరూ కింద సంతకం పెట్టి ఖాళీగా లీడర్ చందుకు ఇచ్చేస్తారు. తప్పులు పోకుండా ఒకే చేతిరాతలో అతనే నింపుతాడు. మూడేళ్లుగా అంతే. నీల చేయి అలవాటుగా సంతకం పెట్టేసింది. "చందుకియ్యవే" అని ఫారం లత చేతిలో పెట్టి పరుగెత్తింది. ఏ సబ్జెక్టో చెప్పాలని తోచలేదు. మూడేళ్లుగా తను మాట్లాడింది అదొక్కటే కదా.

తెల్లవారి కట్ట కింద దుర్గయ్య గొంతుక్కూర్చుని తడిని అరచేత్తో తడిమాడు, జ్వరం చూస్తున్నట్టు.

"తేటగున్నయ్ చూడు. తేటగ వస్తే కట్టకు చెమటొచ్చినట్టు. మడ్డిగ వస్తేనే భయం బిడ్డా. లోపల మన్ను కొట్కపోతున్నట్టు."

"ఇరిగేషన్ ఆఫీసుల చెప్పినవా బాపు?"

"రెండుమాట్ల పోయిన. చూస్తం తియ్యి అన్నరు. నువ్వు చెప్పు, గిది ఎన్నొద్దులు ఆగుతది?"

"గది వచ్చే సెమిస్టర్ల చదువుతం. చదివినంక లెక్క గట్టి చెప్త."

ఆయన తల ఊపాడు. బిడ్డ మాటను తూములో బిరడాలాగా బిగించి పెట్టుకున్నాడు.

మట్టి డబ్బాతో తిరిగొచ్చేసరికి నోటీసు బోర్డు మీద కాగితం ఉంది. ట్రాఫిక్. పద్నాలుగుకు పద్నాలుగు.

"అన్నీ ఖాళీగనే ఇచ్చిండ్రు," అన్నాడు చందు. అతని ముఖంలో మోసం లేదు, విసుగే ఉంది. "నాకేమన్న కల వడ్తదా నీల? ఖాళీగ ఇస్తే నాకిష్టమున్నది రాస్త. మూడేండ్ల సంది నడుస్తున్న ముచ్చటే గదా."

"నా ఫారం గూడనా?"

"నువ్వే సంతకం పెట్టినవ్ గదా!"

నీల లత వైపు తిరిగింది. లత వేళ్లు విరుచుకుంటూ నిలబడింది. "నీ ఫారమే ఖాళీగున్నదే. నువ్వే వద్దనుకున్నవేమో అనుకున్నం. ఇంక మేమెందుకు రాస్తమే?"

మిగతా ఏడుగురూ ఆమెనే చూసి, ఆమె చేసినట్టే చేశారు.

బ్రాంచి బాధ్యత చూసే జమున మేడం కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "పేర్లు యూనివర్సిటీకి పోయినయమ్మా. ఇప్పుడు మార్చరు. కట్టలు చెప్పే సార్ మొన్ననే మానేసిండు. ఎనిమిది పేర్లు చూపిస్తే సిరిసిల్ల నుంచి ఒకాయనను పిలిపిద్దమనుకున్న. ఒక్కదానికోసం పిలువనియ్యరు."

"మీరన్న చెప్పరాదా మేడం?"

"నేను చదివింది రోడ్లే నీల. తెల్వనిది తెలుసన్నట్టు చెప్తే పాపం." డ్రాయరులోంచి ల్యాబు తాళంచెవి తీసి ముందుకు జరిపింది. "నాలుగింటి తర్వాత వాడుకో."

అలా మొదలైంది ఆ జల్లెడ చప్పుడు. ఎంత ఇసుక, ఎంత ఒండ్రు, ఎంత బంక. మట్టి తన పేరు చెప్పింది. ఆ మట్టిలోంచి నీరు ఎంత తొందరగా దారి చేసుకుంటుందో మాత్రం చెప్పలేదు. నీల లైబ్రరీ పుస్తకం తెరిచేది. సూత్రాలు గుడి తలుపుల్లా కనిపించేవి, తెరుచుకునేవి కావు.

జనవరిలో ట్రాఫిక్ క్లాసు వాళ్లను కోరుట్ల చౌరస్తాకు తీసుకెళ్లారు. అట్ట మీద కాగితం పెట్టుకుని బండ్లు లెక్కపెట్టాలి. ఆటోకు ఒక గీత, లారీకి ఒక గీత. దుమ్ములో నిలబడి గీతలు గీస్తుండగా ఫోన్ మోగింది.

"బిడ్డా," అన్నాడు దుర్గయ్య. "ఇయ్యాల నీళ్లు మసకగ వస్తున్నయ్. ఏం జెయ్యమంటవ్?"

ఆమె ముందునుంచి బస్సులు, ట్రాక్టర్లు, వరిగడ్డి బండ్లు లెక్కకు అందకుండా వెళ్లిపోతున్నాయి. ఊళ్లో అప్పుడే యాసంగి, అంటే రబీ వరి నాట్లు. తూము తెరిస్తే చెరువు దిగుతుంది, కట్టకు బరువు తగ్గుతుంది. కానీ మార్చిలో పొలాలు ఎండుతాయి. ఊరు చెప్పకుండా నీరటి తూము ముట్టుకోవడం మూడు తరాల్లో జరగలేదు.

"తెరువు బాపు."

"సగమా, మొత్తమా?"

ఆ ప్రశ్నకు జవాబు క్యాలెండర్ వెనక గీసిన ఆ చివరి గడిలో ఉండాల్సింది. నీల కళ్లు మూసుకుంది.

"మొత్తం."

అవతల ఆయన మరేమీ అడగలేదు. అది ఆమెను ఎక్కువ భయపెట్టింది. అడిగితే తెలియదని చెప్పి ఉండేది.

మరునాడు పొద్దున కోరుట్ల బస్టాండులో, కాలేజీ వరండాలో ఆ జల్లెడ చప్పుడు విని పలకరించి తన కథ రాసుకుంటున్న మనిషితో నీల ఇదంతా చెప్పింది. రాత్రి దుర్గయ్య తూము తెరిచాడు. పొద్దటికల్లా రైతులు దుర్గయ్య ఇంటిముందు నిలబడ్డారు. కట్ట నిలిచే ఉంది. తూము తెరిచినందుకే నిలిచిందో, తెరవకపోయినా నిలిచేదో చెప్పగలవాళ్లు ఊళ్లో లేరు. సిరిసిల్ల బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే నీల సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"మా బాపును ఎవలు తెరువుమన్నరని అడుగుతున్నరట. నా బిడ్డ ఇంజనీరు, లెక్కగట్టి చెప్పిందని అంటున్నడట. నేను లెక్క గట్టలేదని చెప్పాలె. ముందుగాల ఆయనకు చెప్పాల్నా, ఊరికి చెప్పాల్నా, గదే తెలుస్తలేదు. బస్సొచ్చింది, పోతున్న."