ఇద్దరికీ ఒకే కాగితం

బాగేపల్లిలో మా ఇంటికి తాళం వేశాక నేను దాన్ని పదకొండుసార్లు లాగి చూస్తాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. చింతామణిలో ఉండే మా చెల్లెలికి తాళాలతో పేచీ లేదు. ఆమెకు బస్సెక్కితే గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడదు, తర్వాతి స్టాపులోనే దిగిపోతుంది. అలా ఆమె ఇక్కడికి రాలేకపోతుంది, నేను అక్కడికి పోలేను. ఆమె కూతురి పెళ్ళికి పట్టుచీర కట్టుకొని వీధి చివరిదాకా పోయి, తాళం కోసం వెనక్కి వచ్చి, మూడు బస్సులు వదిలేసి ఇంట్లోనే ఉండిపోయాను. మా ఆయన ఒక్కడే పోయి వచ్చాడు.

ఇప్పుడు ఆ పిల్లకు అయిదో నెల. ఏడో నెలలో సీమంతం. "పెండ్లికి రాలేదు. దీనికీ రాకపోతే నాకు అక్కే లేదనుకుంటా" అని చెల్లెలు ఫోను పెట్టేసింది.

మర్నాడు మా ఆయన ఇంటి దగ్గర కాపలా ఉంటే, చెల్లెలి కొడుకే మా ఇద్దర్నీ కారులో చిక్కబళ్ళాపురం తీసుకుపోయాడు. కొడుకు కారులోనైతే కళ్ళు మూసుకొని ఎలాగో కూర్చుంటుంది. అక్కడ మనసు సంగతులు చూసే అమ్మాయి నన్ను గంటా పది నిమిషాలు, చెల్లెల్ని యాభై నిమిషాలు అడిగింది. నా జబ్బుకొక పేరు, ఆమె జబ్బుకొక పేరు చెప్పింది. చివర ఇద్దరి చేతిలో చెరొక కాగితం పెట్టింది. ఏం జరిగింది, మనసుకేమనిపించింది, ఒంట్లో ఏమైంది, మీరేం చేశారు అని నాలుగు గడులు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వరస వరసా చూశాను. తేడా లేదు.

"ఆమెది నాకిచ్చినావేమో, ఒకసారి చూడు తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి కన్నడంలో మాట్లాడుతుంది, నేను తెలుగులో చెబుతాను. మా వైపు అది మామూలే.

"తప్పు లేదమ్మా. ఇద్దరికీ ఒకటే."

"జబ్బులు రెండు కదా?"

"పేర్లు రెండు. భయం రాగానే మీరు తాళం లాగుతారు, ఆమె బస్సు దిగుతారు. ఆ నిమిషానికి ఇద్దరికీ హాయి. మళ్ళీసారి భయం ఇంకా గట్టిగా వస్తుంది. అది వచ్చినప్పుడు దాన్ని పోగొట్టే పని ఏదీ చేయకుండా ఉండటం నేర్చుకోవాలి. మీరు తాళం దగ్గర, ఆమె బస్సులో."

మంచం దిగబుద్ధి కాక ఉద్యోగం మానేసిన ఒక మాస్టరుకు కూడా మా ముందే అదే కాగితం ఇచ్చింది. నాకు తల తిరిగింది. మా వంటింట్లో పైత్యానికి ధనియాలు, జలుబుకు మిరియాలు. అన్నిటికీ ఒకే కషాయం పోసే మనిషిని నేను చూడలేదు.

అయినా చెప్పింది చెప్పినట్టు చేయడం నా అలవాటు. తాళం ఒక్కసారే వేసి, లాగకుండా, వీధిలో నిలబడి, భయం పదికి ఎంతో రాయాలి. మంగళవారం తలస్నానం చేసి, కాగితం మూలకు పసుపు పెట్టి మొదలుపెట్టాను. రోజూ అదే వేళ, గడియారం చూసి ఇరవై నిమిషాలు. అయ్యేదాకా నోరు విప్పకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మొదటి రోజు తొమ్మిది. ఇరవై ఒకటో రోజుకు రెండు.

"ఏమే, నోము తీరినంక వాయనం తాళానికిస్తావా, తాళంచెవికిస్తావా?" అన్నాడు మా ఆయన.

చెల్లెలు తన కాగితం ఫోటో తీసి పంపితే చూశాను, అన్నీ కాకిగీతలు. వారంలో మూడు రోజులు ఖాళీ. ఫోనులో కోప్పడ్డాను.

"బస్సులో రెండు స్టాపులు పొయ్యొచ్చినానక్కా! చేతులు వణుకుతాండాయి, నువ్వేమో మార్కులు వేస్తాండావు."

నియమం ముగించుకొని, మా ఆయనతో కలిసి మళ్ళీ పోయినప్పుడు ఆ అమ్మాయి చెల్లెలి కాగితం చూసి మెచ్చుకుంది. నాది చూసి ఆలోచనలో పడింది.

"ఆ ఇరవై నిమిషాలూ ఏమనుకుంటారమ్మా?"

"నియమం తప్పలేదు, ఇంటికేమీ కాదు అనుకుంటా."

"తాళం వదిలి నియమాన్ని పట్టుకున్నారు. స్నానం, గడియారం, పసుపు అన్నీ మానేయండి."

ఒక్క గడి తప్పకుండా రాసిన నాది తప్పు, ఖాళీలు వదిలిన ఆమెది ఒప్పు. ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు.

"మరి భయం ఎంతకు దిగితే బయలుదేరాలి?"

"దిగకపోయినా బయలుదేరండి."

"ఆ పొద్దు నేను ఇంట్లో కాపలా ఉంటాలేమ్మా" అన్నాడు మా ఆయన.

"వద్దప్పా. అప్పుడు మీరే తాళమైపోతారు."

సీమంతం రోజు పసుపూ గడియారమూ లేకుండా తాళం ఒక్కసారి వేశాను. భయం ఎనిమిది. వీధి చివర ఎనిమిది. బస్సులో చేలూరు దాటినా ఎనిమిదే. మా ఆయన కిటికీ పక్కన నిద్రపోయాడు. చింతామణిలో ఆ పిల్ల చేతులకు గంధం పూస్తున్నాను గానీ నా చూపంతా మా వాకిలి దగ్గరే ఉంది.

భోజనాల దగ్గర చెల్లెలు పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఎంతుండాది?"

"ఎనిమిది."

"యాడా తగ్గలేదా?"

"లేదు."

"మరి ఎట్ల వచ్చినావక్కా?"

"దాంతోనే వచ్చినా."

"గుండె నిలిచిపోతాదనిపించినా నేను దిగకుండా కూచుంటే సరిపోతాదా?"

నాకు తెలియదు. అదే చెప్పాను. ఆమె నా ఆకులో ఇంకొక ఓళిగ వేసింది.

"శుక్రవారం నేను బస్సులో మీ ఇంటికొస్తా. సగం దోవలో దిగినానంటే నవ్వొద్దు."

నవ్వనన్నాను. మా ఇంటి గొళ్ళెం సరిగా పడిందో లేదో అని అప్పుడే మళ్ళీ మొదలైంది. లేవకుండా పెరుగన్నం కలుపుకున్నాను.