మెడికల్‌కు ముందు బండి కడిగిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువు మా తమ్ముడి ఒళ్లు. బంగారం అంటే అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) మెడలో పుస్తెలతాడు తప్ప ఇంకేమీ లేదు, టీవీలో బొమ్మ వస్తే మాట వచ్చేది కాదు, కూలర్‌కు గాలికంటే చప్పుడే ఎక్కువ. తమ్ముడి కాళ్లూ చేతులూ కళ్లూ చెవులూ మాత్రం భద్రంగా ఉండాలి. ఎందుకంటే మాది మంచిర్యాల దగ్గర ఒక బొగ్గుగని కాలనీ. మా నాన్న, అంటే బాపు, జీవితమంతా భూమి లోపల పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇక పని చేయలేడని డాక్టర్లు తేల్చారు, ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. ఆ ఒకరు తమ్ముడేనని ఇంట్లో ఎవరూ పైకి అననైనా లేదు, అది అడగాల్సిన సంగతే కాదు. అయితే వాడు ముందు మెడికల్ పరీక్ష పాస్ కావాలి. ఒంట్లో ఏ లోపం ఉన్నా ఉద్యోగం పోతుంది, క్వార్టర్ పోతుంది, బాపు దగ్గు ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి వాడిని గుడ్డులా చూసుకున్నాం. క్రికెట్ బంద్. నిచ్చెన ఎక్కడం బంద్. ఉల్లిగడ్డ కోయడానికి వాడెప్పుడూ ముందుకు రాలేదు గానీ, వస్తే అదీ బందే. వాడు తుమ్మితే అవ్వ గుండె ఆగేది. దీపావళికి కాకరపువ్వొత్తి చేతికి తీసుకోగానే అవ్వ లాగేసుకుని నా చేతిలో పెట్టింది. "నువ్వు కాల్చు బిడ్డా, వాడు దూరంకెల్లి సూస్తడు" అంది. (నా చెయ్యి కాలితే ఎవరికీ ఫికర్ లేదన్నమాట. నేను దాన్ని కాల్చాను, వాడు దూరం నుంచి చూశాడు, అవ్వ మమ్మల్నిద్దర్నీ చూసి తృప్తిపడింది.)

సరిగ్గా ఆ సమయంలోనే హుజూరాబాద్ నుంచి మా మేనబావ దిగాడు, ఒక డర్ట్ బైక్ మీద. గుర్రమంత ఎత్తు, ముళ్ల టైర్లు, కూర్చోడానికి జానెడు సీటు. పత్తి కొనుగోళ్ల పని మీద భైంసా పోతూ, అంత దూరం దీని మీద పోతే నడుము మిగలదని బండిని మా ఇంట్లో వదిలి బస్సెక్కాడు. "అత్తా, జర పైలం. వచ్చేదాంక కవర్ కప్పి ఉంచుండ్రి" అని అవ్వకు చెప్పి, తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టాడు. మనుషుల్ని నమ్మడంలో మా బావకు సాటి లేదు.

మా కాలనీ వెనుక ఓపెన్‌కాస్ట్ గని తవ్విపోసిన మట్టిగుట్టలుండేవి. పండుగ తర్వాత రెండు రోజులు ముసురు పట్టి, అవి మెత్తగా నాని ఉన్నాయి. మూడో రోజు పొద్దున తమ్ముడు లేడు, బండి లేదు, కవర్ మాత్రం మడతపెట్టి ఉంది. అవ్వ గడపలో కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. బాపు మంచం మీద కూర్చుని గుట్టలవైపు చెవి పెట్టాడు. దూరంగా బండి గుర్రుమన్నప్పుడల్లా ఆయన ముఖం తేటపడేది, ఆ చప్పుడు ఆగితే మళ్లీ నల్లబడేది. మధ్యాహ్నానికి వాడు వచ్చాడు. వాడేదో బండేదో తెలియకుండా ఇద్దరికీ ఒకే రంగు బురద. అందులోంచి పళ్లు మాత్రం కనబడ్డాయి.

"గీత కూడా వడలే అవ్వా! గుట్ట పైదాంక ఎక్కిన, మళ్ల దిగిన!" అన్నాడు. నిజంగానే వాడి ఒంటి మీద గీత కూడా పడలేదు. అవ్వ తిట్టింది, ఏడ్చింది, చివరికి వాడికి కోడిగుడ్డు పులుసుతో అన్నం పెట్టింది. ఆపద దాటిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఇక మిగిలింది బండి కడగడమే కదా, అందులో ఏముంది!

ఆ గుట్టల మట్టి మామూలు మట్టి కాదు, ఆరిందంటే సిమెంటే. బావ మర్నాడు వస్తానని ఫోన్ చేశాడు. దాంతో ఇంటిల్లిపాదీ బండి కడగడానికి దిగాం. తమ్ముడు ఫోన్‌లో ఏదో వీడియో చూసి మాకు పాఠం చెప్పాడు. ఇంజన్ చల్లబడేదాకా నీళ్లు పోయొద్దట. గాలి పీల్చే డబ్బాలోకి తడి పోవద్దట. చక్రాల నడిమధ్యకు, వైర్ల మీదికి పైపు గురిపెట్టొద్దట. అవ్వ సైలెన్సర్ నోటికి పాల కవర్ తొడిగి, నా జడ రిబ్బనుతో కట్టింది. నేను పైపు పట్టాను. పుల్లతో మట్టి గోకడం, నానబెట్టడం, సబ్బునీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి తోమడం, పసిపాపకు నీళ్లుపోసినట్టే జరిగింది. పెరట్లో పారిన బురద చూసి పక్కింటి పెద్దమ్మ, "గిదేందే, గని మొత్తం మీ ఇంటికే తెచ్చుకున్నరా?" అంటే అందరం నవ్వాం. బాపు కూడా నవ్వాడు. ఆయన అంతగా నవ్వి చాలా రోజులైంది, నాకెంత సంతోషమేసిందో.

ఇక మిగిలింది గొలుసుకు నూనె పెట్టడం. బాపుకు అప్పటిదాకా చేయడానికి పని లేదు, గొలుసు దగ్గరికి వచ్చేసరికి ఆయనలో పాత ఉద్యోగి లేచాడు. గనిలో బాపు హాలేజీ ఇంజన్ నడిపేవాడు, అంటే బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో పైకి లాగే ఇంజన్. ఆ తాడుకు నూనె పట్టించడానికి వాళ్లకొక అలవాటు ఉండేది. తాడు నెమ్మదిగా కదులుతుంటే నూనెగుడ్డ దానికి ఆనించి పట్టుకోవడం. అలా పట్టకూడదనే పెద్దలు చెప్పేవాళ్లట, అందరూ అలాగే పట్టేవాళ్లట. ఏళ్ల తరబడి పట్టినా బాపు గోరు కూడా చెదరలేదు. "గట్ల ఆపి పూస్తే పైపైన్నే ఉంటది కొడుకా. తిరుగుతుంటెనే లోపటికి పోతది" అన్నాడు మంచం మీది నుంచి. గని నుంచి తెచ్చిన కర్రదిమ్మె ఒకటి పెరట్లో ఉంటే, ఇంజన్ కింద పెట్టి వెనకచక్రం గాలిలోకి లేపాం. పాల కవర్ తీసేశాం. తమ్ముడు బండి చాలూ చేసి, మొదటి గేర్‌లో వేసి వదిలాడు. చక్రం మెల్లగా, ఎంతో సాధువుగా తిరుగుతోంది. వాడు కింద కూర్చుని గొలుసుకు నూనెగుడ్డ పెట్టాడు.

గుడ్డ కొసను పళ్లచక్రం పట్టుకుంది. గుడ్డతోపాటు వాడి కుడిచెయ్యీ పోయింది. వాడు అరవనే లేదు, ముందు ఇంజన్ టక్కున ఆగింది, ఆ తర్వాత వాడు "అక్కా" అన్నాడు. పది అడుగులు వేస్తే ఆయాసపడే బాపు మంచం మీది నుంచి ఎలా వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. చేతులతో చక్రాన్ని వెనక్కి తిప్పి వాడి వేళ్లు విడిపించాడు. చూపుడువేలు, నడిమివేలు, రెండింటికీ పైకణుపులు లేవు. అవ్వ నోటి నుంచి వచ్చిన మొదటి మాట "ఏ చెయ్యి? కుడిదా?" అని. ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. కానీ మా అందరి నోట్లో ఉన్నదీ ఆ మాటే.

తెగిన ముక్కలను మంచులో పెట్టి తీసుకుపోతే అతికిస్తారని పెద్దమ్మ చెప్పింది. నేను కిరాణా దుకాణం నుంచి ఐసు తెచ్చి, ముక్కలతోపాటు బాపు టిఫిన్‌డబ్బాలో వేసి పట్టుకున్నాను. ఆసుపత్రిలో నర్సమ్మ నా చేతిలో డబ్బా చూసి, "పేషెంటుకు ఇప్పుడు తిండి పెట్టొద్దు, పక్కకు పెట్టు" అంది. (ఇన్నేళ్లకు నవ్వు వస్తోంది. ఆ రోజు మాత్రం మూత తీసి చూపించాను.) ముక్కలు నలిగిపోయాయని, అతకవని డాక్టరు చెప్పాడు. అవ్వ ఆయన చేతులు పట్టుకుంది. "గట్లనకు సారూ, వచ్చే నెల పోరనికి మెడికల్ ఉన్నది" అంది. ఆయన అర్థంకాక, "ఇది మెడికలే కదమ్మా" అన్నాడు.

ఆ వారం కాలనీలో సగంమంది వచ్చి వాడి చేతికట్టు చూసి, తలా ఒక తీర్పు చెప్పి చాయ్ తాగి పోయారు. ఏం కాదని కొందరు, అయినట్టేనని కొందరు. బావ వచ్చి బండి వైపు చూడకుండా తీసుకుపోయాడు. చివరికి మెడికల్‌లో కుడిచెయ్యి చూసి వాడికి అన్‌ఫిట్ అనే రాశారు. తమ్ముడు మాత్రం అందరికంటే ముందు తేరుకున్నాడు. "గని లోపటికి పోవుడు తప్పింది తియ్యక్కా" అని నా చెవిలో అన్నాడు, అది నన్ను ఓదార్చడానికో నిజమో తెలియదు. బాపు మాత్రం మాట్లాడ్డం మానేశాడు. అన్నం ముందు కూర్చునేవాడు, కలుపుకునేవాడు కాదు. తనను తాను తిట్టుకున్నా మాకు తేలికయ్యేది, ఆయన అదీ చేయలేదు.

ఒక పొద్దున నన్ను పిలిచి, గోడవైపు చూస్తూ అడిగాడు. "బిడ్డా, ఇప్పుడు ఆడపిల్లలకు గూడ నౌకరి ఇస్తున్నరంట. నువ్వు పోతవా?"

"పోత" అన్నాను. అది ఎంత వేగంగా అన్నానంటే అవ్వ వంటింట్లోంచి తొంగిచూసింది. నాకు సిగ్గేసింది. లోపల తమ్ముడు కట్టు కట్టిన చేతితో పడుకుని ఉన్నాడు, ఇక్కడ నా గుండె ఆనందంతో కొట్టుకుంటోంది. అలాంటి ఆనందాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ వయసులో తెలియలేదు.

నా మెడికల్ నాడు నేను వద్దన్నా వినకుండా బాపు వెంట వచ్చాడు. బరువు చూశారు, కళ్లు చూశారు, చేతులు చాపమన్నారు, ఫిట్ అన్నారు. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన అన్నాడు. "నా నెత్తి పనిచెయ్యక వాని వేళ్లు పాయె. ఇప్పుడు నిన్ను గూడ గా గనిలకే తోస్తున్న. ఇష్టం లేకుంటె ఇప్పుడన్న చెప్పు బిడ్డా."

"నాకు మొదటిసంది ఇష్టమే బాపు."

ఆయన నావైపు తిరిగాడు. "మరి ఎన్నడు చెప్పలే?"

"మీరు ఎన్నడు అడగలే."

బాపు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు నవ్వయింది, కళ్లలోంచి నీళ్లు కారాయి, అవి ఎందుకొచ్చాయో ఆయనకే తెలియాలి. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. కండక్టరు నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. మరుసటి ఎండాకాలానికి బాపు లేడు. తమ్ముడు చెన్నూరులో టైర్ల దుకాణం పెట్టుకుని హాయిగానే ఉన్నాడు (వేళ్లు చూపించి బేరమాడటం మాత్రం మానేశాడు, రెండు చూపిస్తే ఒకటే అనుకుంటున్నారట). నేను రోజూ మొదటి షిఫ్టుకు పోయే దారిలో అదే రూటు బస్సు ఎదురొస్తుంది. అందులో తండ్రి వీపు రాస్తూ, ఒక్క మాట చెప్పడానికి ఇంట్లో ఇంత నష్టం జరిగేదాకా ఆగిన ఆ మొద్దుపిల్ల కనబడినట్టే ఉంటుంది. నాలుగు తిట్టాలనుకుంటాను, నవ్వొచ్చేస్తుంది.